జ్యేన్ రాజు ఆకలి

పొద్దు పొడవకముందే లియావ్ అవ్వ కొర్రలు కడిగి ఎసట్లో పోసేది. ఆ అన్నం ఉడికే వాసనకు పసుపునది ఒడ్డున కత్తులు దూసినవాళ్లు కూడా యుద్ధం ఆపి, గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్లు. అది తిని పెరిగిన జ్యేన్ రాజు దగ్గితే పొరుగు రాజు మంచం మీంచి దొర్లిపడేవాడు! పురిట్లోనే తల్లి పోయిన ఆ బిడ్డకు జావ పట్టి బతికించింది అవ్వే.

ఆ రాజు పోయాడు. ఆ వంశంలో పోయినవాళ్లు సాగనంపు భోజనానికి వచ్చి, మనవడి ఒంట్లో కూర్చుని, మనవడి నోటితో తిని వెళ్లడం మామూలే. "కడుపు నిండింది" అన్నాకే సమాధి మూస్తారు. రాజుకు వండిన మనిషినీ ప్రాణంతోనే లోపల పెట్టి మూస్తారు.

ఉతికిన నారబట్ట కట్టుకుని, వడ్డించింది అవ్వ.

చాప మీద కూర్చున్న మనవడు దాన్ గొంతు మారింది. "అమ్మా, ఉప్పు తగ్గింది."

"చచ్చినా నీ నాలుక చావలేదురా నాయనా!"

కొడుకు ఫూ, కొత్త రాజు, చేతులు కట్టుకుని అడిగాడు. "నాన్నగారూ, కడుపు నిండిందా?"

"ఎక్కడ? ఇంకో గిన్నె!"

కొండంత అన్నం కరిగింది. పందుల దొడ్డి ఖాళీ అయింది. చెరువులో కప్పలు తప్ప ఏమీ మిగల్లేదు.

"నిండిందా, నాన్నగారూ?"

"పళ్ల సందులకే చాల్లేదు!"

దాన్ పొట్ట నగారాలా ఉబ్బింది. "తాతా, పగిలిపోతానే!" అని తన గొంతుతో మొత్తుకున్నాడు. "నోరుముయ్యరా, తిననీ" అని అదే నోరు కసిరింది.

బతికున్నన్నాళ్లూ రెండో గిన్నెకే చెయ్యి అడ్డం పెట్టిన మనిషి! అవ్వ గరిటె ఆగింది. "ఇంత తిండిపోతువి ఎప్పుడయ్యావురా?"

"నువ్వు జావ పట్టిన రోజే, అమ్మా. ఆ ఆకలి తీరేది కాదు."

ఫూ తండ్రినీ అవ్వనీ మార్చిమార్చి చూశాడు. సమాధి మూయడానికి నిలబడ్డ పారలవాళ్ల వైపు తిరిగాడు. "భోజనం ఇంకా కాలేదు. సమాధికి గడ్డి కప్పు వేసి ఇళ్లకు పొండి. వంటమనిషి పొయ్యి దగ్గరే ఉండాలి."

అవ్వ పొగ వంకతో కళ్లు తుడుచుకుంది.

"అయితే రేపేం వండమంటావు, నాయనా?"

దాన్ పొట్ట పట్టుకుని తన గొంతుతో మూలిగాడు. "అవ్వా, నీకు పుణ్యముంటుంది... ఏదైనా తేలిగ్గా!"