నోరు మూసుకుని మోయాల్సిన పెట్టె

లిఫ్టాయన పొద్దున్నే లేచి, టీ తాగి, పనిముట్ల సంచీ భుజాన తగిలించుకుని, ఊళ్లో ఎక్కడెక్కడ లిఫ్టులు ఆగిపోయాయో అక్కడికల్లా వెళ్లి, వాటిని బతిమాలి, బెదిరించి, మళ్లీ నడిపించి, సాయంత్రానికి ఇల్లు చేరతాడు. ఇల్లు చేరడమంటే నాలుగంతస్తులు మెట్లెక్కడం. ఆయనుండే మేడకి లిఫ్టు లేదు. ఈ సంగతి ఎవరైనా నవ్వుతూ ఎత్తితే ఆయనకి ఒళ్లు మండుతుంది. ఎత్తకుండా ఎవరూ ఉండరు.

ఆ నెలలో ఒళ్లు మండటానికి ఇంకో కారణం కూడా దొరికింది. ఆయన భార్య బేస్ గిటార్ వాయిస్తుంది. మధ్యాహ్నం దాకా కళ్లజోళ్ల దుకాణంలో పని, ఆ తర్వాత ఇంట్లో సాధన, శని ఆదివారాల్లో ఏదో ఒక చిన్న హాల్లో కచేరీ. ఇన్నాళ్లూ అలా గడిచిపోయింది. ఇప్పుడు ట్రంపెట్ మాస్టారి బృందానికి సముద్రం ఒడ్డున పెద్ద హోటల్లో నాలుగు నెలల సీజను కుదిరింది. బేస్ వాయించడానికి ఈవిడే కావాలని మాస్టారు పట్టుబట్టాడు, గిటార్ శబ్దాన్ని పెంచే కొత్త యాంపు కూడా పంపించాడు.

"దానికి జోడీగా స్పీకర్ పెట్టె మాత్రం నువ్వే చూసుకోమ్మా. నీ చెవికి నచ్చాలి కదా," అన్నాడు ఫోన్లో. "నెలాఖరు ఆదివారం వ్యాను మీ గుమ్మం ముందుకొస్తుంది. పెట్టె దొరికితే ఎక్కెయ్. దొరక్కపోతే ఏం చేస్తాం, కీబోర్డు వాడి ఎడమ చేత్తోనే బేస్ పలికించి సరిపెట్టుకుంటాను."

ఇంట్లో ఉన్న పాత పెట్టెలో స్పీకరు చిరిగిపోయి గురగురమంటోంది. కాబట్టి కొత్తది కావాలి. కావాలంటే ఎంచుకోవాలి. ఎంచుకోవడం ఆవిడ పని, మోయడం ఆయన పని.

పెట్టెల దుకాణం ఆయన మంచివాడు. ఆ మంచితనమే లిఫ్టాయన నడుముకి శత్రువైంది. "ఇంటికి తీసుకెళ్లి వాయించి చూడమ్మా. నచ్చకపోతే తెచ్చెయ్, ఇంకోటి ఇస్తాను," అన్నాడు. ఆ ముక్క ఎందుకన్నాడా అని లిఫ్టాయన ఇప్పటికీ పళ్లు నూరుతూంటాడు.

బరువంటే ఆయనకి భయం లేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ బరువులతోనే బతుకు. అసలు ఇబ్బంది ఏమిటంటే, స్పీకర్ పెట్టె ముందు నోరు జారకూడదు. ఊసుపోక అన్న మాటలైతే తగిలి జారిపోతాయి గానీ, కడుపులోంచి వచ్చిన మాట ఏదైనా లోపలికి పోయి కూర్చుంటుంది, పెట్టె అంతకంత బరువెక్కుతుంది. అందుకే ఈ పెట్టెలు మోసేవాళ్లు మూగనోము పట్టినట్టుంటారు. దుకాణంలో ఓ మూల పాత పెట్టె ఒకటి ఏళ్ల తరబడి అలాగే పడి ఉంది. దాన్ని కదపడం ఎవరి తరమూ కాదు.

"ఎవరో అన్నదమ్ములది," అన్నాడు దుకాణం ఆయన దాని మీద దుమ్ము తుడుస్తూ. "ఒకరికి చెప్పాల్సింది ఇంకొకరు దీనితో చెప్పుకున్నారు. చేరాల్సిన మనిషికి ఆ మాట చేరితే దిగిపోతుంది. ఆ మనిషి ఎక్కడున్నాడో నాకేం తెలుసు? చుట్టూ ఊడ్చుకుంటున్నాను."

లిఫ్టాయనకేమో నోరు ఊరుకోదు. మూడో మెట్టు మీద "అబ్బా," రెండో అంతస్తులో "ఈ సంగీతం ఎవడు కనిపెట్టాడురా," మూడో అంతస్తులో చెప్పకూడనివి. ఇంటికి చేరేసరికి పెట్టె బరువు కిందున్నప్పటికి ఒకటిన్నర రెట్లయ్యేది.

"నోరు మూసుకుని మోయండి," అనేది భార్య వెనక నుంచి, యాంపు చంకలో పెట్టుకుని.

"మూసుకుంటే ఊపిరెలా ఆడుతుంది?"

"ముక్కుందిగా."

మొదట తెచ్చింది పదిహేను అంగుళాల స్పీకరు ఒక్కటే ఉన్న పెట్టె. ఆవిడ యాంపు తగిలించి, తీగలు సరిచేసుకుని వాయించడం మొదలెట్టింది. లిఫ్టాయన అలవాటు ప్రకారం బయటికెళ్లి రెండో అంతస్తు మెట్ల మీద కూర్చున్నాడు. బేస్ సంగతి ఆయనకి బాగా తెలుసు. ఆ శబ్దం పక్కన నిలబడితే మోకాళ్లకి తగిలి పోతుంది. చిన్న గదిలో ఒక మూల ఉరుముతుంది, ఇంకో మూల అసలు ఉన్నట్టే ఉండదు. దూరం వస్తేనే స్వరం స్వరంలా వినిపిస్తుంది. మెట్ల మీద కూర్చుంటే అది నిండుగా, గుండ్రంగా, చెక్కపెట్టెలో పడుకున్న మనిషి హాయిగా ఊపిరి తీసుకుంటున్నట్టు వినిపించింది. ఇంకేం కావాలి అనుకున్నాడు.

పైకెళ్లేసరికి ఆవిడ తల అడ్డంగా ఊపుతోంది. "బరువుగా ఉంది గానీ స్పష్టంగా లేదండీ. స్వరాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి."

కింద నుంచి వింటే బాగుంది అనడానికి లిఫ్టాయన నోరు తెరిచాడు. ఆదివారం, వ్యాను, నాలుగు నెలలు, ఖాళీ ఇల్లు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. నోరు మూసుకున్నాడు. మర్నాడు పెట్టెని కిందికి మోశాడు, దారిపొడుగునా సణుగుతూ.

రెండోది పది అంగుళాల స్పీకర్లు రెండున్నది. మెట్ల మీద నుంచి అదీ బాగుంది, ప్రతి స్వరం వేలితో చూపించొచ్చు. ఆవిడ మాత్రం, "ఇందులో అడుగు లేదండీ, నేల మీద ఆనడం లేదు," అంది. అదీ కిందికి దిగింది.

కింది వాటాలో పళ్ల డాక్టరమ్మ ఉంటుంది. ఒకరోజు నోట్లో సాధనం పెట్టిన రోగిని కుర్చీలో అలాగే వదిలేసి గుమ్మంలోకి వచ్చింది. "ఏమయ్యా, మీ ఆవిడకి పెట్టె ఎప్పటికి కుదురుతుంది? నువ్వు మెట్ల మీద తిట్టే తిట్లు మా పేషెంట్లు వింటున్నారు. ఆ పెట్టె కూడా వింటోంది."

"నన్నేం చెయ్యమంటారు డాక్టరమ్మా? అదొక రకం, ఇదొక రకం. ఒకటి బురద అంటుంది, ఒకటి రేకు అంటుంది. చెవులా అవి, తాసులా?"

డాక్టరమ్మ లోపలికెళ్లి గుప్పెడు లవంగాలు తెచ్చి చేతిలో పోసింది. "మెట్లెక్కేటప్పుడు ఒకటి పళ్ల మధ్య పెట్టుకో. ఇంట్లో ఆ పెట్టె ఉన్నంతసేపూ తియ్యకు. పంటికి మంచిది, పెట్టెకీ మంచిది."

మూడో పెట్టె కోసం వెళ్లినప్పుడు దుకాణం ఆయన కూడా కొంచెం విసుక్కున్నాడు. పది అంగుళాలవి నాలుగు స్పీకర్లున్న పెట్టెని ముందుకు జరిపి, "ఇంతకంటే నా దగ్గర లేదమ్మా. యాంపు అయిదొందల వాట్లు, పెట్టె ఎనిమిది వందలు తట్టుకుంటుంది. ఓమ్‌లు కూడా కలిశాయి, యాంపు వేడెక్కదు," అన్నాడు.

"ఎనిమిదిమంది ఎక్కే లిఫ్టులో అయిదుగురు ఎక్కినట్టు," అన్నాడు లిఫ్టాయన, లవంగం పక్కకి నెట్టి.

"అంతే బాబూ. ఇంకేం కావాలి?"

ఇంకేం కావాలో ఆవిడ చెప్పలేదు. ఇంటికి పట్టుకొచ్చారు. ఈసారి లిఫ్టాయన నాలుగంతస్తుల్లో కిక్కురుమనలేదు. పెట్టె దుకాణంలో ఎంత ఉందో పైన కూడా అంతే ఉంది. తన నోటి మీద తనకే గౌరవం కలిగింది.

ఆ వారం ఊరవతల ఆస్పత్రిలో లిఫ్టులన్నీ ఒకేసారి పడకేశాయి. తెల్లవారకుండా వెళ్లి, చీకటిపడ్డాక వచ్చి, లవంగం కొరుకుతూ నాలుగు ముద్దలు తిని పడుకునేవాడు. అన్నం తినేటప్పుడు కూడా సైగలే. భార్య అంతకంటే నిశ్శబ్దంగా ఉండేది. అసలు ఆవిడ ఎప్పుడూ అంతే. పదకొండేళ్ల కాపురంలో ఇది కావాలనీ, అది వద్దనీ గొంతు పెంచింది లేదు. ఇల్లంతా తన ఒక్కడి సణుగుడే వినిపిస్తుందని లిఫ్టాయనకి లోపల కొంచెం సిగ్గు కూడా.

శనివారం మధ్యాహ్నం పని ముగించుకుని త్వరగా వచ్చాడు. మెట్ల మీద ఉండగానే పై నుంచి వాయిద్యం వినపడింది. అడుగూ ఉంది, అంచూ ఉంది. అంత బాగా ఆవిడ వాయించగా తను ఎప్పుడూ వినలేదు. అక్కడే కూర్చుండిపోయాడు. ఆగిపోయాక లేచి పైకెళ్లాడు.

"ఇది కూడా కుదర్లేదండీ," అంది ఆవిడ గిటార్ గోడకి ఆనిస్తూ. "మధ్యలో ఎక్కడో మూసుకుపోతోంది. ఇచ్చేద్దాం. మాస్టారికి ఫోన్ చేసి చెప్పేస్తాను."

లిఫ్టాయన ప్యాంటు మడిచి, వంగి, పెట్టె పిడులు పట్టుకుని ఎత్తాడు. రాలేదు. ఇంకోసారి ఎత్తాడు. ఒక మూల కూడా లేవలేదు. మోకాలు పెట్టి నెట్టాడు. నేలకి మేకులు కొట్టినట్టుంది. బరువు చేత్తో చూసి చెప్పగలడు ఆయన, వృత్తి అలాంటిది. ఎనిమిదిమంది ఎక్కి, తొమ్మిదో వాడు తలుపులో కాలు పెట్టినంత ఉంది.

లవంగం ఉమ్మేశాడు.

"ఇదేమిటి? నేనొక్క మాట అన్లేదే. వారం నుంచీ గొంతుకి తాళం వేసుకుని చచ్చాను. నాలుక మొద్దుబారిపోయింది. ఎవరొచ్చారు ఇంటికి?"

"ఎవరూ రాలేదు."

"మరి ఇంత బరువు ఎవరు..." అని ఆగిపోయాడు.

ఆవిడ స్టవ్ దగ్గరికెళ్లింది. వెలిగించలేదు. ఊరికే దాని ముందు నిలబడింది. లిఫ్టాయన పెట్టె పక్కన నేల మీద చతికిలబడ్డాడు. పదకొండేళ్లుగా ఏమీ అనని మనిషి ఒక్క వారంలో ఇంత అనగలదా అని ఆయనకి దడ పుట్టింది.

"నువ్వేనా?"

"నేనే."

"ఏమన్నావు?"

"మీతో అనలేనివి."

"అదే, ఏమని?"

ఆవిడ వెనక్కి తిరగలేదు. "వెళ్లాలనుందని అన్నాను. చాలా ఉందని అన్నాను. వెళ్తే మీరు వేళకి తింటారా, నడుం పట్టేస్తే ఎవరు చూస్తారు అని కూడా అన్నాను. అదొక రోజు. ఇంకో రోజు, ఈయన వద్దంటే బాగుణ్ణు, నేరం ఆయన మీదికి నెట్టేసి హాయిగా ఏడవచ్చు అన్నాను. మీరు వద్దనరు. వెళ్లమనీ అనరు. నేను వంక పెట్టిన పెట్టెనల్లా మోసుకొస్తారు, మోసుకెళ్తారు. నాకెంత విసుగొచ్చిందో తెలుసా? మీ సణుగుడు మెట్లన్నిటికీ తెలుసు. నా విసుగు ఈ పెట్టెకొక్కదానికే తెలుసు."

లిఫ్టాయన నెత్తి పట్టుకున్నాడు. "ఈ మాట మొదటి పెట్టె దగ్గరే చెప్పి ఏడిస్తే నా నడుం మిగిలేది కదే."

"మీరు మాత్రం చెప్పారా?"

"నేనేం చెప్పాలి?"

ఆవిడ అప్పుడు తిరిగి చూసింది. లిఫ్టాయనకి ఇంక దాక్కునే చోటు లేకపోయింది.

"మొదటిది బాగానే ఉంది," అన్నాడు నేల చూస్తూ. "మెట్ల మీద నుంచి విన్నాను. రెండోదీ బాగుంది. ఇది అన్నిటికంటే బాగుంది. పక్కన నిలబడి వాయిస్తే నీకెలా తెలుస్తుంది, దూరం రావాలి. బాగుందంటే వెళ్లిపోతావని చెప్పలేదు. పెట్టెలు పైకీ కిందికీ తిరుగుతున్నంతకాలం నువ్వు ఇంట్లోనే ఉంటావని మోశాను."

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఇద్దరికీ తెలియలేదు. ఆవిడ వచ్చి పెట్టెకి అవతలి పక్కన కూర్చుంది. "బాగుందా నిజంగా?"

"చాలా బాగుంది. నువ్వు లేకుండా ఈ ఇంట్లో ఎలా ఉండాలో నాకు తెలీదు. అయినా బాగుంది. ఏం చెయ్యను."

ఆ మాట అంటూ లేవడానికి పెట్టె అంచు మీద చెయ్యి ఆనించాడు. పెట్టె పక్కకి జరిగింది. లిఫ్టాయన తూలి, తమాయించుకుని, పిడి పట్టుకుని ఎత్తి చూశాడు. దుకాణంలో మొదటిసారి ఎత్తినప్పటికంటే తేలిగ్గా వచ్చింది.

"వెళ్లు," అన్నాడు పెట్టె చేతుల్లో పట్టుకునే. "మాస్టారికి పెట్టె దొరికిందని చెప్పు."

ఆదివారం పొద్దున్న వ్యాను వచ్చింది. లిఫ్టాయన పెట్టెని ఎక్కడా దించకుండా ఒక్క ఊపున నాలుగంతస్తులూ దింపాడు. లవంగం లేదు. పైగా దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు, హోటల్లో లిఫ్టు ఎక్కేముందు తలుపు చప్పుడు వినమనీ, గర్రుమంటే మెట్లెక్కమనీ. పెట్టె బరువెక్కలేదు, వినాల్సిన మనిషి పక్కనే దిగుతోంది కదా. పళ్ల డాక్టరమ్మ గుమ్మంలో నిలబడి, "కుదిరిందన్నమాట," అంది. భార్య వ్యానెక్కి, యాంపు ఒళ్లో పెట్టుకుని, ఏదో చెప్పబోయి కళ్లు తుడుచుకుంది. వ్యాను కదిలింది.

లిఫ్టాయన మెట్లెక్కి ఇంట్లోకొచ్చాడు. టీ కాచుకున్నాడు. పంచదార ఎక్కడుందో కనపడలేదు. గదిలో మూల స్పీకరు చిరిగిన పాత పెట్టె ఉంది. వెళ్లి దాని ముందు కూర్చున్నాడు. దానితో చెప్పుకుందామని నోరు తెరిచాడు. అప్పుడు ఏమనుకున్నాడో, లేచి దాన్ని గోడవైపు తిప్పేసి, ఫోన్ తీశాడు.

"ఇదిగో," అన్నాడు. "ఇల్లు బోసిగా ఉంది."

"ఇంకా ఊరైనా దాటలేదండీ," అంది ఆవిడ.

"తెలుసు. పంచదార ఎక్కడ పెట్టావు?"

"పై అరలో, నీలం మూత డబ్బాలో. ఇంకేమిటి?"

"ఇంకా చాలా ఉంది," అని, ఫోన్ చెవికి ఆనించుకుని, లిఫ్టాయన డబ్బా కోసం చెయ్యి చాచాడు.