గేటు సినిమా ఆఖరి రీలు

సత్తెనపల్లిలో డెబ్భై ఏడో సంవత్సరం సినిమాలను ఎవరూ అసలు పేర్లతో పిలవరు. పాము సినిమా, రెండు రైళ్ళ సినిమా, గుడ్డితల్లి సినిమా, గేటు సినిమా. అన్నీ ఆ ఒక్క ఏడాదిలోనే, ఒక్క హాల్లోనే ఆడాయి. అలాంటి ఏడాది మళ్ళీ రాలేదని పాతవాళ్ళు అంటారు. అలా అనేవాళ్ళు ఇప్పుడు ఇద్దరే మిగిలారు. ఒకడు నజీర్, ఆ హాల్లో ప్రొజెక్టరు నడిపిన ఆపరేటరు. రెండోవాడు జోసఫ్, నేల క్లాసు తలుపు దగ్గర టిక్కెట్లు చింపినవాడు.

హాలు మూతపడి పదిహేనేళ్ళయింది. ఇప్పుడు దాన్ని పడగొట్టి మిరపకాయలకు కోల్డ్ స్టోరేజీ కడుతున్నారు. తెర ఉన్న గోడ ఇప్పటికే పోయింది. వెనక, ఇనప గేటు ఉన్న రెండు గదుల ఇల్లు మాత్రం మిగిలింది. ఒకప్పుడు ప్రొప్రైటరు ఆపరేటరు కోసం ఇచ్చిన ఇల్లది. నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నారు. తన ఇంట్లో గది ఉంది, వచ్చెయ్యమన్నాడు జోసఫ్. నజీర్ కదలనన్నాడు.

కారణం ఒక్కటే. అనీసాకు తెలిసిన చిరునామా అదొక్కటే.

భార్య అనీసా ఆ గేటు దాటి వెళ్ళి నలభై ఆరేళ్ళు. ప్రత్తిపాడులో పుట్టింటికి వెళ్ళింది. వాళ్ళన్న పోయాక అక్కణ్ణించి ఎటు వెళ్ళిందో చెప్పేవాళ్ళు లేరు. అతను తలాఖ్ చెప్పలేదు, ఆమె అడగలేదు. కాబట్టి నజీర్ దృష్టిలో ఆమె ఇంకా దారిలోనే ఉంది. ఇన్నేళ్ళూ అతను గేటుకు గడియ పెట్టలేదు.

ఆ నమ్మకం అతనికి గేటు సినిమా ఇచ్చింది. అందులో మొగుడు చేసిన తప్పుకు మనసు విరిగి పెళ్ళాం వెళ్ళిపోతుంది. ఆఖర్న గేటు తోసుకుని, చేతిసంచితో, నవ్వుతూ లోపలికి వస్తుంది. వింటే నవ్వుతారని నజీర్‌కు తెలుసు. అందుకే జోసఫ్‌కు తప్ప ఎవరికీ చెప్పలేదు. పట్టుకోవడానికి మనిషికి ఏదో ఒకటి కావాలి. రోజుకు మూడాటల చొప్పున వందరోజులు కళ్ళారా చూసినదాన్ని అతను పట్టుకున్నాడు.

"ఒరేయ్ నజీరూ, దొరికిందిరా నీ గేటు సినిమా!"

మిట్టమధ్యాహ్నం తుమ్ముకుంటూ వచ్చాడు జోసఫ్. రోడ్డు మీద మిరప టిక్కీ బస్తాల లారీలు వరసగా పోతున్నాయి.

"ఎవడో పుణ్యాత్ముడు ఫోన్లో పెట్టాడంట. మా అమ్మాయి మహిమ దించిపెట్టింది."

"అరచేతిలో సినిమానా? నేల క్లాసోడివి, నీకు అదే ఎక్కువలే."

"ఏరా, కేబిన్‌లో జానెడు కంతలోంచి చూసినోడివి నువ్వా నన్ననేది? జరుగు."

ఇద్దరూ మంచం మీద కూర్చున్నారు. ఫోనును చెంబుకు ఆనించి పెట్టారు. నజీర్ ఉత్సాహంగా ఉన్నాడు. బొమ్మ మూలన రీలు మార్చమని హెచ్చరించే చుక్క ఎప్పుడొస్తుందో ముందే చెబుతున్నాడు. "ఇప్పుడు పడుద్ది చూడు... పడిందా!" అంటూ జోసఫ్ తొడ మీద చరుస్తున్నాడు.

ఆరో రీలు మధ్యలో, పుట్టింట్లో పండగ చూసుకుని ఆ పెళ్ళాం తిరిగొచ్చింది. గేటు తోసుకుని, చేతిసంచితో, నవ్వుతూ.

"ఇది ఇక్కడెందుకుంది?" అన్నాడు నజీర్.

జోసఫ్ అతని వంక ఒకసారి చూశాడు.

ఆఖరి రీల్లో మొగుడు వచ్చి ఆమె పుట్టింటి గేటు బయట నిలబడ్డాడు. ఆమె నడిచొచ్చింది. కోపంగా కూడా లేదు. లోపలి నుంచి గడియ పెట్టి వెనక్కి వెళ్ళిపోయింది. కాసేపు ఆ గేటు ఒక్కటే కనపడింది. తరవాత ఫోను నల్లబడింది.

"ఎవడో ముక్క కోసేశాడు," అన్నాడు నజీర్. గొంతు హెచ్చింది. "ఇది పూర్తి ప్రింటు కాదు. ఇంకో అరవై అడుగుల ఫిల్ముండాలి."

"కోసింది నువ్వేరా."

నజీర్ తల తిప్పాడు.

"మర్చిపోయావా నిజంగా? ఇన్నాళ్ళూ నాతో ఆడుతున్నావనుకున్నా." జోసఫ్ గొంతు తగ్గించాడు. "మొదటి రోజు పొద్దున మొదటి ఆటకి నేల క్లాసోళ్ళు సోడాబుడ్లు ఇసిరారు. ఆ పిల్ల ఇంటికి తిరిగి రాకపోతే హాలు తగలబెడతామన్నారు. నా నెత్తి పగిలింది, ఇదిగో మచ్చ. ప్రొప్రైటరుగారు పంచె ఎగ్గట్టి నీ కేబిన్‌కి పరిగెత్తుకొచ్చారు. మ్యాట్నీ కల్లా అది ఇంటికి రావాలి నజీరూ, ఏం చేస్తావో చెయ్యి అన్నారు. నువ్వు ఆరో రీల్లో ముక్క తెచ్చి ఆఖర్న అతికించావు. చీర కూడా వేరే. ఎవడు చూశాడు?"

నజీర్ బొటనవేలు చూపుడువేలి మీద కదులుతోంది. అతను ఆ వేళ్ళ వంక చూసుకున్నాడు. బ్లేడుతో ఫిల్ము అంచు గీకడం, అతికించే సిమెంటు రాయడం, పది అంకెలు లెక్కపెట్టేదాకా నొక్కి పట్టుకోవడం వాటికి గుర్తుంది. అతనికే లేదు. అసలు ముగింపును అతను చూసింది ఒక్క ఆట. తన చేత్తో అతికించినదాన్ని మూడొందల సార్లు చూశాడు. మూడొందల సార్లు చూసింది అబద్ధమని మనసుకు ఎవరు చెప్పగలరు? ఎవరూ చెప్పలేదు. మనసు దాని మీదే కాపురం పెట్టుకుంది.

"జోసఫూ, ఆ మొదటి ఆటకి అనీసా వచ్చిందిరా."

"వచ్చింది. కొత్త పెళ్ళికూతురు. నువ్వు పాసిచ్చి పంపావు. గొడవ మొదలవగానే ఆడోళ్ళ తలుపు తీసి నేనే బయటికి పంపా. అప్పటికి సినిమా అయిపోయిందిలే."

ఆ తరవాత రెండేళ్ళకు బిడ్డ పోయింది. పది నెలల అర్ఫా. జ్వరంతో కళ్ళు తేలేసిందని మ్యాట్నీ మధ్యలో కబురొచ్చింది. హాలు నిండుగా ఉంది. ఇంకో రెండు రీళ్ళే కదా అనుకున్నాడు నజీర్. రెండు రీళ్ళు పూర్తిచేసి, దీపం ఆర్పి, పక్కనే ఉన్న ఇంటికి నడిచి వచ్చేసరికి అనీసా బిడ్డ ముఖం మీద పైట కప్పేసి ఉంది.

బిడ్డకు నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయిన మర్నాడు ఆమె సంచి తీసుకుంది. అతను గేటు పట్టుకుని, "గేటు సినిమాలో లాగా వస్తావులే," అన్నాడు.

అనీసా ఆగింది. "నేను చూసింది మొదటి ఆటండీ," అంది. వెళ్ళిపోయింది.

ఆ మాటను అతను నలభై ఆరేళ్ళు దాచుకున్నాడు. మొదటి ఆట అంటే పెళ్ళయిన కొత్త అనుకున్నాడు. అప్పటి మంచి రోజులు మరిచిపోలేదని చెప్పి వెళ్ళిందనుకున్నాడు. మనసు బాగాలేని రోజుల్లో ఆ మాటను బయటికి తీసి, తడుముకుని, మళ్ళీ లోపల పెట్టుకునేవాడు.

ఆమె చెప్పవలసింది ఆ రోజే చెప్పేసింది. వినవలసినవాడే వేరే ప్రింటు వింటూ కూర్చున్నాడు.

"ఇంకోసారి పెట్టనా?" అన్నాడు జోసఫ్, ఫోను చేతిలోకి తీసుకుని.

"వద్దు. ఆటో మాట్లాడు."

"ఎప్పటికి?"

"ఇప్పుడే."

సామాను ఎంతో లేదు. మంచం, ట్రంకుపెట్టె, చెంబు, రెండు గిన్నెలు. జోసఫ్ ట్రాలీ ఆటో తెచ్చేసరికి నజీర్ గేటు బయట నిలబడి, ఊచల సందులోంచి చెయ్యి పెట్టి లోపలి గడియ లాగుతున్నాడు. అది తుప్పు పట్టి బిగుసుకుపోయింది. అతను వంగి ఒక రాయి తీసుకున్నాడు.

"రేపు పడగొట్టే గేటుకి గడియెందుకురా?" అన్నాడు జోసఫ్.

నజీర్ రాయితో గడియ మీద కొట్టాడు. ఊచల మధ్య నుంచి రాయి సరిగా తగలడం లేదు, వేళ్ళకే తగులుతోంది. అయినా కొడుతూనే ఉన్నాడు.