ఎనిమిదో అక్క

అక్కదేవతలు ఏడుగురు. ఈ చేలల్లో పుట్టి పెరిగిన ఏ పిల్లనడిగినా చెబుతుంది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, మనిషి నీడ కాళ్ళకిందకి ముడుచుకునే వేళ, వాళ్ళు ఆకాశంలోంచి దిగి బావుల్లో జలకాలాడతారు. జుట్టు మోకాళ్ళదాకా ఉంటుంది, పాదం నేలకి ఆనదు. ఆ వేళప్పుడు బావి దగ్గరికి పోయిన ఆడపిల్ల వాళ్ళ కంటబడిందంటే ముచ్చటపడి తమతో తీసుకుపోతారు. తీసుకుపోవడమంటే ఏమిటో పెద్దవాళ్ళకి తెలుసు, పిల్లలకి చెప్పరు.

ఏ బావి దగ్గరైనా వాళ్ళ పేరిట ఏడు రాళ్ళే ఉంటాయి. వినుకొండకి తూర్పున, రాఘవులు మిరపచేను గట్టునున్న బావి దగ్గర మాత్రం ఎనిమిది ఉన్నాయి. ఎనిమిదోది సామ్రాజ్యం కూతురు శ్రీదివ్య.

పాత ఏడూ ఎప్పటివో ఎవరికీ తెలియదు. ఎనిమిదోది మార్టూరు నుంచి వచ్చింది, నున్నగా పాలిష్ పట్టిన నల్లరాయి. సామ్రాజ్యం మొగుడు కోటేష్ అక్కడి క్వారీల్లో లారీ తోలుతాడు. తానే ఎంచి తెచ్చాడు. దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, వెండి కళ్ళు అతికించారు. బతికుండగా శ్రీదివ్యవి అంత పెద్ద కళ్ళు కావు. చిన్న కళ్ళు, నవ్వితే మూసుకుపోయేవి. ఆ రాయి వంక చూసినప్పుడల్లా సామ్రాజ్యానికి ఒళ్ళు మండిపోయేది. ఆ మంట ఎవరికీ చెప్పుకునే దారి లేదు, ఎందుకంటే ఆ దేవతని పుట్టించింది ఆమె నోరే.

మూడేళ్ళ కిందట, ఉగాది వెళ్ళాక, మిరప చివరి కోత నడుస్తోంది. శ్రీదివ్య పదో తరగతి పరీక్షలు రాసి, సెలవుల్లో తల్లితోపాటు కోతకి వచ్చింది. మధ్యాహ్నానికి తాగే నీళ్ళు అయిపోతే బిందె చంకన పెట్టుకుని బావి దగ్గరికి వెళ్ళింది. ఎంతకీ రాలేదు. ఫోన్ చూసుకుంటూ కూర్చుని ఉంటుందని తిట్టుకుంటూ సామ్రాజ్యం వెతుక్కుంటూ పోయింది. పిల్ల మోటారు వేసే ఇనపపెట్టె కింద బురదలో బోర్లా పడి ఉంది. మోటారు తిరుగుతూనే ఉంది, నీళ్ళు పారుతూనే ఉన్నాయి. కుడి అరచేతిలో కాలిన మచ్చ.

రాఘవులు కళ్ళంలోంచి పరుగెత్తుకొచ్చాడు. వచ్చినవాడు పిల్లని ముట్టుకోలేదు. ముందు ఎండుకర్ర అందుకుని స్తంభం మీది వైరు కిందకి లాగేశాడు, ఆ తర్వాతే వంగి చూశాడు. పెట్టెకి కరెంటు వస్తోందని ఆయనకి అంతకుముందే తెలుసన్నమాట. తెలిసి కూడా కూలీల చేత దాని బటనే నొక్కిస్తున్నాడు. ఆ వైరు స్తంభానికి దొంగతనంగా తగిలించింది మరి. లైన్‌మన్‌ని పిలిచి బాగుచేయించాలంటే ముందు ఆ దొంగతనం బయటపడుతుంది.

"సామ్రాజ్యం, కరెంటంటే పోలీసులొస్తారు," అన్నాడు రొప్పుతూ. "పిల్లని వినుకొండ తీసుకెళ్ళి కోస్తారు. నిలువునా కోసి, కుట్లేసి, గుడ్డలో చుట్టిస్తారు. నీ ఇష్టం మరి."

ఆయన భయం ఆయన వైరు గురించి. ఆమె భయం బిడ్డ ఒంటి గురించి. చేలోంచి ఆడవాళ్ళు పరుగున వచ్చేశారు. అందరికంటే ముందు సుబ్బరావమ్మ, కోతల్లో పాటలు ఎత్తుకునే ముసలామె. "ఏమైందే?" అని ఆవిడ అడిగితే, సామ్రాజ్యం కూతురి కుడిచేతిని గుప్పిట మూసి తన చేతిలో బిగించుకుని, "అక్కలు పిలిచారు పిన్నీ" అంది. పాడె లేచేదాకా ఆ గుప్పిట వదల్లేదు. శ్రీదివ్య ఎక్కడా కత్తి పడకుండానే మట్టిలోకి వెళ్ళింది.

ఆ ఒక్క మాటతో ఆగిపోతుందనుకుంది పాపం. నెల తిరక్కముందే సుబ్బరావమ్మ పాట కట్టేసింది.

ఎండల్లో వచ్చింది ఎనిమిదో చెల్లి
మల్లెల జడ వేసి మా సిరిమల్లి
బిందె గట్టున పెట్టి పోయింది తల్లి
ఏడుగురక్కల్లో ఎగిరింది వెళ్ళి

పాట బాగుంది, అదే వచ్చిన చిక్కు. ఆ పాట ఎత్తుకుంటే కోతలో చేతులు వాటంతటవే ఆడేవి. మల్లెల జడ పచ్చి అబద్ధం. ఆ రోజు పిల్ల మిరప ఘాటుకి ముక్కూ తలా కలిపి తువ్వాలు చుట్టుకుంది. కానీ తువ్వాలు మీద పాట ఎవరు కడతారు? మరుసటి వేసవికి రాయి వచ్చింది, ఆపై వేసవికి రేకుల షెడ్డు లేచింది. మైకులో ఆ పాట పక్క ఊళ్ళకి కూడా వినిపించేది. సంబంధం కుదరనివాళ్ళు, కడుపు పండనివాళ్ళు ఆటోలు కట్టించుకుని వచ్చి మొక్కేవాళ్ళు. రాఘవులు ముందు వరసలో నిలబడి కొబ్బరికాయ కొట్టేవాడు.

పెట్టె మాత్రం అలాగే ఉంది. ముట్టుకున్నవాళ్ళకి అప్పుడప్పుడూ చుర్రుమనిపించేది. అక్కలకి కోపమొచ్చిందనుకుని లెంపలేసుకునేవాళ్ళు. రాఘవులు ఇంకాస్త తెలివిగా ఒక ఎండుకర్రకి పసుపుగుడ్డ చుట్టి అక్కడ వేలాడదీశాడు. అక్కలకి మొక్కి, ఆ కర్రతోనే బటన్ నొక్కాలని ఆచారం పెట్టించాడు. కరెంటు పని దేవుడి పనైపోయింది. బాగుచేయించమని సామ్రాజ్యం అడిగినప్పుడల్లా ఈ వారమని, పై వారమని నీళ్ళు నమిలేవాడు.

ఒకసారి మొగుడికి చెప్పబోయింది. శ్రీదివ్య పోయాక కోటేష్ తాగుడు మానేశాడు, ఆ రాయి మీదే ఒట్టేసి.

"ఏవయ్యా, ఆ పెట్టెలో కరెంటు..." అందో లేదో, చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ మాట నా దగ్గర అనొద్దు. నా కూతుర్ని కరెంటు చంపిందంటే నేను బతకలేను. అక్కలు తీసుకుపోయారంటే బతగ్గలను."

ఆమె ఇక నోరెత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకుందో.

ఈ వేసవి కొలుపుకి సుబ్బరావమ్మ కొత్త ముచ్చట పెట్టింది. పెళ్ళికాని పిల్ల తలంటు పోసుకుని, తడిబట్టలతో వచ్చి, మిట్టమధ్యాహ్నం పసుపు చేత్తో మోటారు వెయ్యాలి. కర్ర పనికిరాదు, కన్నె చెయ్యే తగలాలి. పైపులోంచి దూకే మొదటి నీళ్ళు ఎనిమిది రాళ్ళ మీదా పడాలి. ఆ కన్నెగా తన మనవరాలు దీప్తినే ఎంచింది. తొమ్మిదో తరగతి పిల్ల, నడవడం చేతకానట్టు ఎప్పుడూ పరుగెత్తే పిల్ల. కొలుపు నాటి ఉదయం ఈ సంగతి చెవినబడేసరికి సామ్రాజ్యం చేతిలో పని వదిలేసింది. తిన్నగా కళ్ళానికి పోయింది. రాఘవులు ఆరబోసిన మిరపకాయల మధ్య నిలబడి తాలుకాయలు ఏరేవాళ్ళ మీద కేకలేస్తున్నాడు.

"బాబాయ్, దీప్తి తడిచేత్తో పెట్టె ముట్టుకుంటదంట."

"విన్నాను. టేపు చుట్టించానులే."

"టేపుకి ఆగుద్దా అది? వద్దని మీరొక్క మాట చెప్పండి బాబాయ్. మీరు చెబితే వింటారు."

రాఘవులు ఆమెని పక్కకి తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు. "ఏమని చెప్పమంటావ్? ఊరంతా మొక్కుతుంటే ఇప్పుడెళ్ళి కరెంటని చెప్పనా? అక్కలు పిలిచారన్నది నువ్వు. నేననలా."

అది నిజం, ఆయన నోట్లోంచి వచ్చినా నిజమే. అక్కడినుంచి సుబ్బరావమ్మ ఇంటికి పరుగెత్తింది. ఆవిడ మనవరాలి తలకి కుంకుడు రసం పోస్తోంది.

"పిన్నీ, నీ కాళ్ళు పట్టుకుంటా. పిల్లని పంపొద్దు. ఆ పెట్టె కొట్టుద్ది."

"అక్కలకి కోపమొస్తే కొట్టుద్ది," అంది సుబ్బరావమ్మ నింపాదిగా. "పసుపుతో పోతుంటే కోపమెందుకొస్తదే? అయినా నీ కూతురు నా మనవరాల్ని ఏం చేస్తదమ్మా, ఇద్దరూ కలిసి ఆడుకున్నోళ్ళు."

దీప్తి కళ్ళు మూసుకుని నురగలోంచి నవ్వింది.

పోనీ వైరే లాగేద్దామని కర్ర తీసుకుని బావి దగ్గరికి వెళితే అక్కడ కుర్రాళ్ళు అప్పటికే మైకు కట్టేశారు. మైకుకి కరెంటు కూడా ఆ వైరు నుంచే. "అమ్మవారిని కన్నతల్లివి, నీకెందుకు ఈ పనులు," అంటూ డప్పుల బుల్లయ్య ఆమె చేతిలో కర్ర లాక్కుని, గౌరవంగా తీసుకెళ్ళి ఎనిమిదో రాయి పక్కన పీట మీద కూర్చోబెట్టాడు. ఎవరో కొత్త చీర ఒళ్ళో పెట్టారు. ఇంకెవరో బొట్టు పెట్టి కాళ్ళకి దండం పెట్టారు. లేవబోతే భుజాలు పట్టుకుని కూర్చోబెట్టారు. అంత ప్రేమలోంచి బయటపడటం ఎవరి తరం?

ఎండ నడినెత్తికి వచ్చింది. డప్పులు మొదలయ్యాయి. జనం మధ్యలోంచి దీప్తి వచ్చింది. పరికిణీ ఒంటికి అంటుకుపోయి ఉంది, జుట్టు కొసల్నుంచి నీళ్ళు కారుతున్నాయి, రెండు చేతులూ మోచేతులదాకా పసుపు. చెప్పులు లేవు. పెట్టె చుట్టూ నేలంతా బురద.

సామ్రాజ్యం పట్టుకున్నవాళ్ళని విదిలించుకుని లేచింది. వెళ్ళి పెట్టెకి అడ్డంగా నిలబడింది.

"ముట్టుకోవద్దు. నా కూతురు కరెంటు కొట్టి చచ్చింది. అక్కలూ లేరు గిక్కలూ లేరు. ఈ పెట్టే చంపింది. అబద్ధం చెప్పింది నేను."

డప్పులు ఆగిపోయాయి. ఆ పెనుగులాటలో ఆమె ముడి ఊడి జుట్టు మొహం మీద పడింది. కుంకుమ చెమటకి కరిగి ముక్కు మీదకి కారింది. ఒళ్ళంతా వణుకుతోంది. సుబ్బరావమ్మ ఆమె వంక కళ్ళార్పకుండా చూసి, రెండు చేతులూ ఎత్తి మొక్కింది.

"వచ్చింది. అమ్మ పూనింది."

"నాకేం పూనలా పిన్నీ, నిజం చెబుతున్నా. పెట్టెలో కరెంటుంది."

"అలిగింది. పూజలో ఏదో లోపం జరిగింది. మొక్కండే అందరూ."

డప్పులు రెట్టింపు జోరుతో అందుకున్నాయి. చేతుల్లోకి వేపరెమ్మలు వచ్చాయి, ముక్కు ముందు సాంబ్రాణి పొగ. ఆమె ఎంత గట్టిగా నిజం అరిస్తే జనం అంత కిందకి వంగారు. కోటేష్ జనాన్ని తోసుకుంటూ వచ్చి కట్టుకున్న పెళ్ళాం కాళ్ళ మీద పడ్డాడు. "శ్రీదివ్యా, ఇన్నాళ్ళకి వచ్చావా తల్లీ," అని వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఏం కావాలో అడుగు తల్లీ," అంది సుబ్బరావమ్మ. "నువ్వేదంటే అది చేస్తాం."

మూడేళ్ళలో ఆమెకి ఏం కావాలని అడిగిన మనిషి లేడు. ఇప్పుడు అడుగుతున్నది కూడా ఆమెని కాదు. పక్కనే దీప్తి తన వంతు ఎప్పుడొస్తుందా అని పసుపు చేతులు చాపుకుని నిలబడి ఉంది. మూరెడు దూరంలో పెట్టె. ఇంకాసేపు ఇలాగే నిజం చెబుతూ ఉంటే అమ్మవారు శాంతించదని తనని ఎత్తి అవతల కూర్చోబెడతారు, పిల్ల చెయ్యి ముందుకి వెళుతుంది. సామ్రాజ్యానికి అది కళ్ళకి కట్టినట్టు కనిపించింది. వేపరెమ్మలు బిగించి పట్టుకుని, జుట్టు విరబోసుకుని తల ఊపింది. ఊపుతున్నంతసేపూ తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఆ ఇనపపెట్టె నాకొద్దు," అంది ఊగుతూ. "నా ఒళ్ళు కాలిపోతోంది. దాన్ని పీకి అవతల పారెయ్యండి. చేదతో తోడి నీళ్ళు పొయ్యండి నాకు."

"పీకండ్రా," అన్నారు పదిమంది ఒక్కసారే.

అప్పుడు రాఘవులు ముందుకొచ్చాడు. చెయ్యెత్తి కుర్రాళ్ళని ఆపాడు. మొహం పాలిపోయి ఉంది. ఆయన నమ్మాడో, నటించాడో, సామ్రాజ్యానికి ఈనాటికీ తెలియదు. ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని చేతులు జోడించాడు.

"పెట్టె పీకిస్తా తల్లీ. స్తంభం మీది వైరు కూడా తీయిస్తా. నా వల్ల తప్పేమన్నా జరిగి ఉంటే మన్నించానని ఒక్క మాట అను. నాకు సరైన నిద్ర లేదు."

ఊరంతా చూస్తోంది. ఆ మాట ఈ జన్మకి అననని సామ్రాజ్యం ఎన్నడో అనుకుంది. కూతురి పేరున ఆమె దాచుకున్న ఆస్తి అదొక్కటే. ఇప్పుడు ఆయన దాన్ని ఆ కూతురి నోటితోనే అడుగుతున్నాడు, నలుగురి ముందూ, చేతులు జోడించి. వెనకనుంచి జనం తోసుకుంటుంటే దీప్తి ఒక అడుగు బురదలోకి జరిగింది.

"మన్నించాను," అంది సామ్రాజ్యం.

"నా మీద కోపం లేదుగా తల్లీ?"

"లేదు."

"నా పిల్లల్ని చల్లగా చూస్తావుగా?"

అది కూడా అడిగాడు.

"చూస్తాను."

రాఘవులు నేలకి తల ఆనించాడు. లేచి, దర్జాగా చెయ్యూపాడు. బుల్లయ్య కొడుకు ఎండుకర్రతో స్తంభం మీది వైరు తప్పించాడు, మైకు మూగబోయింది, ఇద్దరు కుర్రాళ్ళు పెట్టెని గోడ నుంచి పెళ్ళగించి గట్టు అవతల పడేశారు. మూడేళ్ళు కాళ్ళావేళ్ళా పడితే కాని పని పావుగంటలో అయిపోయింది. దీప్తి చేదతో నీళ్ళు తోడి, అరచేతులు నొప్పెడుతున్నాయని గొణుక్కుంటూనే ఎనిమిది రాళ్ళకీ పోసింది.

సాయంత్రం జనం పల్చబడ్డాక కోటేష్ భార్యని జాగ్రత్తగా ఇంటికి నడిపించుకొచ్చాడు. మంచం వాల్చి, దుప్పటి పరిచి, కూర్చోబెట్టి, తను నేల మీద కూర్చున్నాడు. మూడేళ్ళలో అతని మొహం అంత తేటగా ఎప్పుడూ లేదు.

"నేను సామ్రాజ్యాన్నయ్యా," అంది ఆమె. గొంతు బొంగురుపోయింది. "నాకేమీ పూనలేదు. దీప్తిని కాపాడటానికి అలా ఊగాను. మన పిల్ల ఆ పెట్టె ముట్టుకునే చచ్చిపోయింది. రాఘవులికి అంతా తెలుసు."

కోటేష్ ఆమె పాదాలు తన తువ్వాలుతో మెల్లగా తుడిచాడు.

"తెలిసినా తెలియకపోయినా ఇంకేముంది తల్లీ," అన్నాడు. "మన్నించావుగా. అందరం విన్నాం."