ఇన్‌స్పెక్టరమ్మ టిఫిన్ వేళ

ఆ ఇంట్లో పిల్లికి ఇన్‌స్పెక్టరమ్మ అని పేరు పెట్టింది మేష్టారి భార్య. పొద్దున లేస్తూనే అది గదిగదీ తిరిగి, మంచాల కిందా బీరువాల వెనకా తనిఖీ చేసి, ఎవరి పనీ నచ్చనట్టు మొహం పెట్టుకుని కిటికీ గట్టెక్కేది మరి. మేష్టారు బడి నుంచి రాగానే, "మీ పై అధికారి కాచుక్కూర్చుంది, వెళ్ళి సంజాయిషీ ఇచ్చుకోండి" అనేది భార్య.

ఆమె పోయి ఇరవై రెండు రోజులైంది. ఇన్‌స్పెక్టరమ్మ తిండి మానేసి నాలుగు రోజులైంది.

మొదట్లో బాగానే తినేది. ఇంటినిండా చుట్టాలున్నన్నాళ్ళూ ఏ లోటూ కనపడలేదు. చివరికి మిగిలిన మరదలు కూడా తన ఇంటికి వెళ్ళిపోయిన మర్నాటి నుంచే పిల్లి మూతి తిప్పుకోవడం మొదలుపెట్టింది.

మేష్టారు తనవంతు లోపం చేయలేదు. గిన్నె తళతళలాడేలా తోమారు. వేళ తప్పకుండా పెట్టారు. చేప పెట్టారు. కోడిమాంసం ఉడికించి, చల్లార్చి, చీలికలు చేసి పెట్టారు. డబ్బా తిండి మూడు రకాలు తెచ్చారు. ఏది పెట్టినా, గిన్నె నేలమీద ఉంచి, వంటగది తలుపు దగ్గరగా వేసి, చప్పుడు కాకుండా ముందుగదిలోకి వెళ్ళిపోయేవారు.

అది ఆయన ముప్పై ఏళ్ళ పద్ధతి. బడిలో బోర్డు మీద లెక్క రాసి, "ఊఁ, కానివ్వండి" అని వరండాలోకి వెళ్ళిపోయేవారు. నెత్తిమీద మనిషి నిలబడితే వచ్చిన లెక్క కూడా రాదని ఆయన నమ్మకం. పిల్లలకిచ్చిన మర్యాదే పిల్లికీ ఇచ్చారు. పైగా దానిది దుఃఖం. దుఃఖంలో ఉన్నవాళ్ళని కాసేపు వాళ్ళ మానాన వదిలేయాలి. పరామర్శకు వచ్చినవాళ్ళు తనను అలా వదిలేస్తే బాగుండునని ఆయనకు చాలాసార్లు అనిపించింది.

ఇన్‌స్పెక్టరమ్మకు ఈ మర్యాద పట్టలేదు. గిన్నె వాసన చూసేది, గోళ్ళతో తలుపు లాక్కుని వచ్చి ఆయన కుర్చీ ముందు కూర్చునేది. ఒక్క అరుపు అరిచేది. ఆయన లేస్తే తోక నిటారుగా పెట్టి ముందు నడిచి, గిన్నె దగ్గర ఆగి వెనక్కి చూసేది.

"ఇదీ నచ్చలేదా తల్లీ?" అని ఆయన గిన్నె మార్చి, మళ్ళీ తలుపు దగ్గరగా వేసేవారు. అది మళ్ళీ వెనకే వచ్చేది.

నాలుగో రోజు సాయంత్రం బుట్టలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ పిల్లి నోరు తెరిచి చూసింది, పొట్ట తడిమింది, తూకం వేసింది.

"జ్వరం లేదు సార్. పళ్ళు బాగున్నాయి. కానీ పిల్లులు ఇన్నాళ్ళు తినకుండా ఉంటే కాలేయానికి ముప్పు. రేపు మధ్యాహ్నంలోగా తినకపోతే మాత్రం ఇక్కడ ఉంచి వెళ్ళండి. గొట్టం వేసి పట్టాలి."

మేష్టారు బల్ల అంచు పట్టుకున్నారు. ఉంచి వెళ్ళమన్న మాట ఈమధ్యే ఒకసారి విన్నారు. ఆ రోజు ఆసుపత్రిలో భార్యను ఉంచి వచ్చారు.

"ఉంచను" అన్నారు.

అమ్మగారు పోయిన సంగతి డాక్టరమ్మ విని ఉంది. "అమ్మగారు పెట్టినప్పుడు ఎలా తినేది?"

"బాగా తినేది."

"అది కాదు సార్. ఎక్కడ తినేది, ఎన్నింటికి, పక్కన ఎవరుండేవారు?"

ఎనిమిదిన్నరకల్లా ఆయన బడికి బయల్దేరేవారు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏం జరిగేదో ఆయనకు తెలియదు. లెక్క రాని వెనకబల్ల పిల్లాడిలా ఆయన నేలచూపులు చూశారు.

"నన్ను గుర్తుపట్టలేదు కదూ?" అంది డాక్టరమ్మ. "కిటికీ పక్కన మూడో బల్ల."

"వేళ్ళు మడిచి లెక్కపెట్టే పిల్లా?"

"ఆ పిల్లనే. మీరు లెక్కిచ్చి అలా వరండాలోకి వెళ్ళగానే నా బుర్ర ఖాళీ అయిపోయేది. మీరు ఏమీ చెప్పక్కర్లేదు, ఊరికే పక్కన నిలబడితే చాలు, టకటకా చేసేసేదాన్ని."

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా?"

"మీతో చెప్పేంత ధైర్యముంటే లెక్కే చేసేద్దును సార్."

మేష్టారి పెదాలు కదిలాయి. నవ్వు దాకా రాలేదు.

"కొన్ని పిల్లులూ అంతే" అంది ఆమె, పిల్లి చెవుల మధ్య గోకుతూ. "తినాలంటే తల దించాలి. దించితే వెనకేముందో కనపడదు. నమ్మిన మనిషి దగ్గరుంటేగానీ దించవు. ఇది తిండికి వంక పెట్టడంలేదేమో, మిమ్మల్ని తోడు రమ్మంటోందేమో. అమ్మగారు ఎలా పెట్టేవారో ఎవర్నయినా అడగండి."

ఇంటికొచ్చి మరదలికి ఫోన్ చేశారు.

"ఏం బావా, తిన్నారా?"

"ఆఁ. మీ అక్క పిల్లికి ఎలా పెట్టేది?"

మరదలు నవ్వబోయి ఆగింది. "మీరటు గడప దాటగానే వంటగదిలో నేలమీద చతికిలబడేది. దాని గిన్నె ఒక పక్క, తన పళ్ళెం ఒక పక్క. నాకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టేది. కబుర్లలో పడి తను నమలడం ఆపితే అదీ ఆపేసేదట. 'ఉండవే, మా ఇన్‌స్పెక్టరమ్మ ఉరిమి చూస్తోంది, ముద్ద పెట్టుకోనీ' అనేది. రోజూ ఇదే తంతు. మీకు తెలీదా?"

"తెలీదు."

"నేనున్నన్నాళ్ళూ నా పక్కనే తినేది. నా పళ్ళెం మీద కన్నేసిందనుకున్నా." గొంతు కాస్త తగ్గించి అంది. "మీరు మాత్రం పొయ్యి గట్టు దగ్గర నిలబడే తిన్నారు బావా. నేను చూడలేదనుకోకండి."

వంటగది తలుపు వెనక ఒక పాత దుప్పటి నాలుగు మడతలు పెట్టి ఉండేది. కాళ్ళు తుడుచుకునే గుడ్డ అనుకునేవారాయన. మర్నాడు పొద్దున దాన్ని తీసి చూస్తే ఒక పక్కంతా పిల్లి వెంట్రుకలు. ఇంకో పక్క, మనిషి కూర్చుని కూర్చుని నలిగిన చోటు.

బడికి ఆలస్యంగా వస్తానని కబురు పెట్టారు. గుడ్డు ఉడికించారు, రొట్టె కాల్చారు. తొమ్మిదింటికి దుప్పటి పరిచి, గోడ పట్టుకుని, మోకాళ్ళు కటకటమంటుంటే మెల్లగా కూలబడ్డారు. దాని గిన్నెలో చేప వేసి ఒక పక్క పెట్టారు, తన పళ్ళెం ఒక పక్క. తలుపు బార్లా తీసే ఉంచారు.

ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. దుప్పటి వాసన చూసింది, ఆయన మోకాలి వాసన చూసింది. గిన్నె ముందు కూర్చుని ఆయన్నే చూడసాగింది.

"తినమ్మా."

కదల్లేదు. గోడ గడియారం చప్పుడు ఒక్కటే వినపడుతోంది. మధ్యాహ్నం ఎంతో దూరంలో లేదు. అప్పుడు ఆయన తన పళ్ళెం వంక చూసుకున్నారు. రొట్టె విరవనే లేదు.

ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నారు. మెల్లగా నమిలారు. మింగేసరికి పక్కన సన్నగా చప్పుడు, నాలుక గిన్నెను తాకుతున్న చప్పుడు.

మేష్టారు తల తిప్పలేదు. కళ్ళు మసకబారాయి. చేతిలో ముక్క చేతిలోనే ఉండిపోయింది. చప్పుడు ఆగింది. తల తిప్పితే ఇన్‌స్పెక్టరమ్మ మూతికి చేప తునక అంటించుకుని ఉరిమి చూస్తోంది.

"తింటున్నా, తింటున్నానమ్మా" అన్నారు ఆయన, గబగబా నోట్లో పెట్టుకుంటూ.

గిన్నెలో సగం మిగిలింది. పళ్ళెంలో ఏమీ మిగల్లేదు. ఇన్‌స్పెక్టరమ్మ ఆ పళ్ళెం దాకా వచ్చి, అంచు చుట్టూ ఒకసారి వాసన చూసి, తనిఖీ ముగించుకుని కిటికీ గట్టెక్కింది.