సుద్దగీత

"ఆపండయ్యా! ఆ కాంక్రీటు పోశారంటే నేనూ ఇందులోనే ఉండిపోతా, చెప్తున్నా!"

పునాది గుంతలోకి దిగి నేనలా అరిచేసరికి మేస్త్రీ బిత్తరపోయాడు. పైన లారీ గరగరమని తిరుగుతోంది. ఆ గుంత మాది కాదు, పక్కవాళ్లది. అదే కదా నా ఖర్మ!

అసలు సంగతి చెప్పాలంటే మా ఇంటి పద్ధతి చెప్పాలి. ఎన్ని అద్దెకొంపలు మారామో! ఏ గదిలో దిగినా సామాను లోపలికి రాకముందే మా కూతురు చిట్టెలుక పరుగున వెళ్లి నేలమీద వెల్లకిలా పడుకునేది. ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్లే పడుకోవాలని దాని రూలు. వాళ్ల నాన్న సుద్దముక్కతో దాని చుట్టూ గీత గీసేవాడు. "ఇంతవరకూ నాది. మిగతాది మీరిద్దరూ పంచుకోండి" అనేది. ఆ గీత దానంతటది చెరిగేదాకా నేనక్కడ చీపురు పెట్టకూడదు. పెడితే ఇల్లు పీకి పందిరేసేది.

"సొంత స్థలం కొన్నాక పెద్ద గీత గీయాలి నాన్నా" అని కూడా చెప్పి పెట్టింది.

స్థలం కొన్నాం. చిట్టెలుక లేదు. పోయిన వానాకాలంలో జ్వరం వచ్చి, మేం చూస్తుండగానే పోయింది.

నేను బట్టలు కుడతాను. దానికి కుట్టిన గౌన్లన్నీ ఎవరెవరికో ఇచ్చేశా, ఒక్క పసుపు గౌను తప్ప. చివరి అద్దెగదిలో అది పడుకున్నప్పటి సుద్ద ఆ గౌను వీపున ఇంకా ఉంది. ఉతకలేదు. ఎలా ఉతుకుతాను? మా ఆయనే అన్నాడు, "మన నేలమీద దాన్నే పడుకోబెడదామే" అని. గౌను పరిచాం. చుట్టూ గీత గీశాడు. గుడ్డసంచిలో పెట్టి అక్కడే పూడ్చాం. చాలా రోజులకి ఆ పూట ఇద్దరం కడుపునిండా తిన్నాం.

మరి తప్పెక్కడ జరిగిందంటారా? మా ఆయన గోడలకి రంగులేస్తాడు. మాసిన రాయి కనిపిస్తే ఆ చెయ్యి ఊరుకోదు. స్థలం కొన్న ముచ్చటలో ఆ వరుస హద్దురాళ్లన్నిటికీ తెల్లరంగు కొట్టేశాడు. రాళ్లమీది స్థలం నంబర్లన్నీ రంగు కిందకి పోయాయి, మహానుభావుడు! గౌను పట్టుకుని వెళ్లిన రోజు ఏది మనదో కంటితో చూసి తేల్చుకున్నాం. మెరకగా ఉన్నదే మనదనుకున్నాం. ఆశ కదా.

ఈ పొద్దున వచ్చి చూస్తే గౌను పెట్టిన చోట ఇంత లోతు గుంత, పక్కవాళ్ల పునాదికి.

"అమ్మా, పైకి రండి. మట్టంతా నిన్ననే తీసేశాం. మీరు వెతికేది ఇక్కడ లేదు" అన్నాడు మేస్త్రీ.

"తీసి ఎక్కడ తగలేశారు?"

"పక్క స్థలం పల్లంగా ఉంటే అందులో పోశాం. ఎవరో రంగులాయనదట. ఆయనకీ మెరకవుతుంది కదా అని."

మా ఆయన వైపు చూశా. గట్టుమీదే కూలబడిపోయాడు.

ఆ దిబ్బనంతా చేతుల్తోనే తవ్వాం. మేస్త్రీ జాలిపడి పార ఇస్తే విసిరికొట్టా. దానికి తగిలితే? గోళ్లు విరిగాయి. ఎండ నెత్తికెక్కింది, దిగిపోయింది. రాళ్లు, వేళ్లు, గాజుపెంకులు. గౌను లేదు.

"ఎక్కడున్నా మన నేలలోనే ఉందిలేవే" అన్నాడాయన.

ఒళ్లు మండిపోయింది. "ఎక్కడుందో చెప్పు మరి! రేపు పునాది ఎక్కడ తవ్వుతావు? ఏ పోటు దానిమీద పడుతుందో నీకు తెలుసా? ఈ మట్టిలో గునపం దించనివ్వను. ఇల్లూ వద్దు, గిల్లూ వద్దు!" అని భోరుమన్నా.

ఏడ్చి ఏడ్చి ఓపిక పోయాక, ఆ దిబ్బమీదే వెల్లకిలా పడుకున్నా.

"గియ్యి" అన్నా.

"నువ్వేంటే..."

"ఇప్పుడు ఇంట్లో చిన్నదాన్ని నేనే కదా."

సుద్ద ఎక్కడుంది? వేలితోనే గీశాడు, తల దగ్గర మొదలుపెట్టి. గీత కలిసేదాకా నేను కదల్లేదు. వీపు కింద మట్టి మెత్తగా ఉంది. అది నాకెంత దూరంలో ఉందో తెలియదు.