పిల్ల చేతిలోని రొట్టె

అబూ రాకాన్ హోటల్లో మనిషి కుర్చీ లాక్కుని కూర్చునేలోపే బల్ల మీదికి వేడి రొట్టెలు, ఊరవేసిన ఆలివ్ కాయలు, పెరుగు గిన్నె వచ్చేస్తాయి. అడిగితేగానీ రొట్టె పెట్టనివాడికి హోటలెందుకు, మందుల కొట్టు పెట్టుకోవచ్చు కదా అని ఆయన వెక్కిరింత. ఆ అలవాటే ఆ రోజు ఆయన పీకల మీదికి తెచ్చింది.

మధ్యాహ్నం నమాజు అయిన కాసేపటికి ఒక కుటుంబం వచ్చి, ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్నవాళ్ళ కోసం తెరలు కట్టిన వెనక గదిలో కూర్చుంది. ఒక కంటికి కట్టుతో ఒక ముసలమ్మ, ఆమెను చెయ్యి పట్టుకుని నడిపిస్తున్న కొడుకు, కోడలు, ఆరేడేళ్ళ మనవరాలు. రాజధాని అమ్మాన్ ఆసుపత్రిలో ముసలమ్మకి కంటి ఆపరేషను చేయించి ఇంటికి తిరిగి పోతున్నారు.

"తొందరగా ఏదైనా పెట్టన్నా" అన్నాడు కొడుకు. "అమ్మకి చక్కెర జబ్బు. పొద్దుట్నించీ ఉత్త మంచినీళ్ళే."

"మన్సఫ్ ఇప్పుడే దించాం. పెరుగు పులుసులో మాంసం వెన్నలా ఉడికింది. పళ్ళతో పనే లేదు హజ్జా" అన్నాడు అబూ రాకాన్, పెద్దావిణ్ణి గౌరవంగా పిలుస్తూ.

"పళ్ళకేం నాయనా, గట్టిగానే ఉన్నాయి. కన్నే లేదు" అంది ముసలమ్మ.

అబూ రాకాన్ నవ్వి, రొట్టెలు తెచ్చి పెట్టి, వంటింట్లోకి నడిచాడు. అక్కడ ఆయన భార్య ఫద్దా పెద్ద పళ్ళెంలో అన్నం సర్దుతోంది. ఆమె తమ్ముడు సత్తామ్ కిటికీ పక్కన గోడకి అతుక్కుని నిలబడ్డాడు. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బావా, ఆ రొట్టెలు ఎవరికి పెట్టావో తెలుసా?"

"ఆకలేసినవాళ్ళకి."

"అబూ గైస్ అతను. గైస్ తండ్రి. మొన్న పెద్దమనుషులతో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నేను ఎదురుగా కూర్చున్నాను. పొరపాటు పడను."

ఫద్దా చేతిలోంచి గరిటె జారి అన్నంలో పడింది.

పోయిన చలికాలం వానలో వాళ్ళ అబ్బాయి రాకాన్ నడుపుతున్న బండి, బడి నుంచి ఇంటికి పోతున్న ఒక పిల్లవాణ్ణి గుద్దింది. రాకానే ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు గానీ గైస్ దక్కలేదు. రాకాన్ జైలుకెళ్ళాడు. ఈ కుటుంబం కట్టుబాటు ప్రకారం సొంత ఊరు వదిలి, ఎవరూ ఎరగని ఈ చిన్న ఊళ్ళో పాత హోటలొకటి తీసుకుంది. బోర్డు మీద తన పేరు రాయించుకునే ధైర్యం లేక అబూ రాకాన్ పాత యజమాని పేరే ఉంచేశాడు. చచ్చిపోయిన పిల్లవాడి ఇంటివాళ్ళకి ఎదురుపడకూడదని సంధి. వాళ్ళు హక్కు వదులుకున్నామని ఒక్క మాట అంటే తప్ప రాకాన్ బయటికి రాడు. ఆ మాట కోసం పెద్దమనుషులు రెండుసార్లు వెళ్ళి, అడిగింది ఒప్పుకునేదాకా తాగకూడదన్న ఆచారం కొద్దీ ముందు పెట్టిన కాఫీ ముట్టకుండా కూర్చున్నారు. కాఫీ చల్లారిందే గానీ తండ్రి మనసు మెత్తబడలేదు. మెత్తబడమని అడగడానికి మాత్రం ఎవరికి నోరొస్తుంది? గైస్ తండ్రీ అని చచ్చిన కొడుకు పేరుతోనే ఊరంతా ఆయన్ని రోజూ పిలుస్తుంటే.

"మనమెవరో వాళ్ళకి తెలీదు" అన్నాడు సత్తామ్ గుసగుసగా. "నువ్వు నోరు మూసుకో చాలు. కడుపునిండా తిననీ. లేచేటప్పుడు డబ్బు వద్దను, మా అతిథులు అను. అప్పుడు నేను బయటికొస్తాను. మన ఉప్పు తిన్నాక ఇంక పగ అనడానికి వాళ్ళకి నోరెక్కడిది? నాలుగు రోజుల్లో రాకాన్ ఇంట్లో ఉంటాడు."

"మోసం చేసి తినిపిద్దామంటావు."

"మనం పిలిచామా? ఆకలేసి వాళ్ళే వచ్చారు. అన్నం పెట్టడం మోసమెప్పుడైంది?"

అబూ రాకాన్ భార్య వైపు చూశాడు. వద్దంటుందేమోనని ఆశపడ్డాడు. ఫద్దా గరిటె తీసి తుడిచి, మాంసం ముక్కల్లో మంచివి ఏరి పైన పేరుస్తోంది.

"ఆయన బిడ్డ ఎలాగూ తిరిగి రాడు" అంది తలెత్తకుండా. "నా బిడ్డ వస్తాడు. నీ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను. అటు వెళ్ళి ఏమీ చెప్పకు."

నిజం చెప్పాలంటే ఆయనకీ ఆశ పుట్టింది. పుట్టదూ మరి? కన్నకొడుకు. ఊరుకుంటే చాలు, ఏమీ చెయ్యక్కర్లేదు. ఆయన పళ్ళెం రెండు చేతులా ఎత్తి కిటికీలోంచి గదిలోకి చూశాడు. ముసలమ్మ రెండో కన్నూ మూసుకుని గోడకి ఆనుకుంది. కోడలు ఆమె చెప్పులు సరిచేస్తోంది. అబూ గైస్ తలవంచుకుని ఫోను చూసుకుంటున్నాడు. చిన్నపిల్ల రొట్టె తుంచి పెరుగులో ముంచింది. రేపు నిజం తెలిశాక ఆ తండ్రి గొంతులో వేలు పెట్టుకున్నా ఇవాళ్టి ముద్ద బయటికి రాదు. ఆకలికి కొడుకుని అమ్ముకున్నానని బతికినంతకాలం కుమిలిపోతాడు.

పళ్ళెం గట్టు మీద పడేసినట్టు పెట్టి పరిగెత్తాడు. తెర లాగి, పిల్ల పెదాల దాకా వచ్చిన రొట్టె ముక్కని చేతిలోంచి లాగేసుకున్నాడు.

పిల్ల బిత్తరపోయి కెవ్వుమంది. అబూ గైస్ ఒక్క ఊపున లేచి ఆయన చొక్కా పట్టుకున్నాడు.

"పిల్ల నోటి దగ్గర రొట్టె లాక్కుంటావా? మనిషివేనా నువ్వు?"

"తిననివ్వకండి" అన్నాడు అబూ రాకాన్. "ఎవరూ ఏమీ ముట్టుకోకండి. నేను రాకాన్ తండ్రిని. మీ గైస్‌ని గుద్దిన రాకాన్."

చొక్కా మీద చెయ్యి వదల్లేదు, బిగుసుకుంది. కోడలు పిల్లని ఒళ్ళోకి లాక్కుని దాని మూతి తన తలముసుగు కొసతో గట్టిగా తుడిచేసింది.

"మింగావా? చెప్పవే, మింగావా?"

"లేదమ్మా. తాతయ్య లాగేసుకున్నాడు" అంది పిల్ల వెక్కుతూ.

అబూ గైస్ ఎదుటి మనిషి మొహంలోకి చాలాసేపు చూశాడు. అబూ రాకాన్ కళ్ళు దించుకోలేదు. కొడితే పడదామనే నిలబడ్డాడు. కిటికీ అవతల సత్తామ్ మాంసం కోసే కత్తి చేతిలోకి తీసుకోవడం, ఫద్దా దాన్ని ఊడలాక్కోవడం ఆయనకి ఓరగా కనిపిస్తూనే ఉంది.

"లే అమ్మా. వెళ్ళిపోదాం" అన్నాడు అబూ గైస్ చివరికి.

"లేవలేనురా" అంది ముసలమ్మ. ఆమె నుదుటి మీద చెమట పట్టింది. చేతులు వణుకుతున్నాయి. "కళ్ళు తిరుగుతున్నాయి."

చక్కెర పడిపోతోందని అందరికీ అర్థమైంది. చేతికందేంత దూరంలో రొట్టె ఉంది, పెరుగు ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. కోడలు మొగుడి వైపు చూసింది. అతను కదల్లేదు.

"ఎదురు కొట్టు జైదాన్‌ది" అన్నాడు అబూ రాకాన్. "మాకు చుట్టమూ కాదు, స్నేహితుడూ కాదు. అతన్నే తెచ్చి పెట్టమంటాను. నా చెయ్యి కూడా తగలనివ్వను. హజ్జాకి మాత్రం ఏదో ఒకటి పడాలి."

చొక్కా మీది చెయ్యి వదులైంది. అబూ రాకాన్ చెప్పుల్లేకుండా రోడ్డుకి అడ్డం పడి పరిగెత్తాడు. కాసేపటికి జైదాన్ సీసాలో నారింజరసం, కాగితంలో చుట్టిన రొట్టె, ఉడికిన చిక్కుళ్ళ గిన్నె పట్టుకుని గొణుక్కుంటూ వచ్చాడు.

"నీ హోటల్లో కూర్చోబెట్టి నా తిండి తినిపించడమేమిటయ్యా? వంటావిడ అలిగిందా?"

జైదాన్ అందరి మొహాలూ చూసి, తెచ్చినవి అక్కడ దించి వెళ్ళిపోయాడు. ముసలమ్మ రసం తాగింది. కోడలు రొట్టె ముక్కలు చేసి ఆమెకీ పిల్లకీ నోట్లో పెట్టింది. అబూ గైస్ మాత్రం ఏదీ ముట్టకుండా నిలబడ్డాడు. అబూ రాకాన్ తెర దగ్గర, తన హోటల్లోనే దోషిలా నిలబడ్డాడు. గట్టు మీద మన్సఫ్ మీద నెయ్యి పేరుకుపోతోంది.

ముసలమ్మ చేతుల వణుకు తగ్గింది. కోడలు ఆమెనీ పిల్లనీ తీసుకుని కారు దగ్గరికి నడిచింది. అబూ గైస్ గుమ్మం దగ్గర ఆగాడు.

"చెప్పకుండా ఊరుకోవచ్చు నువ్వు."

"ఊరుకోవచ్చు."

"వాడి తల్లి లోపలుందా?"

"ఉంది."

"ఊరుకోమని ఉంటుంది."

అబూ రాకాన్ అబద్ధమాడలేకపోయాడు. "అవును. కాళ్ళు పట్టుకుంటానంది."

"మా ఆవిడైనా అదే అనేది." అతను రోడ్డు వైపు తిరిగి, కారులో పిల్లని కూర్చోబెడుతున్న భార్యని చూస్తూ నిలబడ్డాడు. వెళ్ళిపోతాడనుకుంటే వెళ్ళలేదు. "జైల్లో తింటున్నాడా వాడు?"

ఈ ప్రశ్న ఇంతవరకూ బంధువులు కూడా అడగలేదు.

"తినడు. ముద్ద నోట్లో పెట్టుకోగానే మీవాడు కళ్ళ ముందుకొస్తాడట. సగమైపోయాడు. మొన్న చూసి మేమే గుర్తుపట్టలేదు."

అబూ గైస్ దవడ ఎముకలు కదిలాయి. కళ్ళు తుడుచుకోలేదు, తుడుచుకుంటే ఏడుస్తున్నట్టు తెలిసిపోతుందని కాబోలు.

"తినమను" అన్నాడు. రెండు మెట్లు దిగి, వెనక్కి తిరగకుండానే మళ్ళీ అన్నాడు. "అబూ గైస్ తినమన్నాడని చెప్పు. నా పేరే చెప్పు."

కారు మలుపు తిరిగేదాకా అబూ రాకాన్ గుమ్మంలోనే ఉన్నాడు. లోపలికొచ్చేసరికి ఫద్దా వంటింటి నేల మీద చతికిలబడి ఉంది, ఒళ్ళో కత్తి. సత్తామ్ మూలన నిలబడి నేల చూపులు చూస్తున్నాడు.

"ఏమన్నాడు?" అంది ఫద్దా. "క్షమించాడా?"

"తెలీదు ఫద్దా. నేనడగలేదు. మన రాకాన్‌ని అన్నం తినమన్నాడు."