అక్షరాలాయన కన్న రాయి

అక్షరాలాయన్ని గెలిచిన రాయి ఈ లోకంలో పుట్టలేదు. ఉలి పట్టుకుని ఆయన వస్తున్నాడంటే కొండలు కూడా పొట్ట లోపలికి లాక్కునేవి. ఆయన చెక్కిన ‘క్ష’ మెలికల్లోకి దూరిన చీమ బయటికి దారి దొరక్క అక్కడే కాపురం పెట్టేసిందని అందరూ చెప్పుకునేవారు. ఆ అందరిలో మొదటివాణ్ణి నేనే.

రాతి పలకల మీద పేర్లు చెక్కడం ఆయన పని. ఇళ్ల పేర్లు, ఆఫీసుల పేర్లు, పోయినవాళ్ల పేర్లు. పనిలో ఆయనకొక గొప్ప ఉండేది. ఉలి పట్టాక మళ్లీ దించేదాకా నీటిచుక్క ముట్టేవాడు కాదు. తాగితే లేవాలి, లేస్తే గీత చెదురుతుంది. “ఒంటె కూడా నా దగ్గర పాఠం చెప్పించుకోవాలి” అంటూ, రాతిపొడితో సహా మీసం తిప్పేవాడు.

ఆ ఏడు ఆయన కూతురు తను చదువుకున్న బడికే పెద్ద పంతులమ్మ అయింది. బడి కొత్త భవనానికి పలక చెక్కే పని ఆయనకే వచ్చింది. దాని మీద ఆఖరి వరస కూతురి పేరు. ఆ వంశంలో అందరూ రాళ్లు కొట్టినవాళ్లే గానీ రాతి మీదికెక్కిన పేరు ఒక్కటీ లేదు. ఎవరెవరి ఇంటిపేర్లో చెక్కిన చెయ్యి ఇప్పుడు తన ఇంటిపేరు చెక్కాలి. ఆ వరస ఇంకొకడి చేతిలో పడితే ఆయన బతికున్నా లేనట్టే.

సరిగ్గా ఆ వరసకి సుద్దగీతలు గీస్తుండగా, నడుం పక్కన ఎవరో ఉలి ఆనించి సుత్తితో మోదినట్టయింది. నొప్పి వీపు నుంచి గజ్జల్లోకి దిగింది. కూర్చోనివ్వదు, పడుకోనివ్వదు. కొండల్ని వణికించిన మనిషి షెడ్డులో పిల్లికూనలా ముడుచుకుపోయాడు.

ఆసుపత్రిలో స్కాను తీశారు. “కిడ్నీలోంచి రాయి జారింది పెద్దాయనా. గోధుమగింజలో సగం ఉంటుంది” అంది డాక్టరమ్మ.

“ఇన్నేళ్లు మింగిన రాతిపొడి గడ్డకట్టిందన్నమాట” అన్నాడాయన, అంత నొప్పిలోనూ కాస్త గర్వంగా.

“దానికీ దీనికీ సంబంధం లేదు” అని ఆవిడ నర్సు వైపు తిరిగింది. “నొప్పికి మాత్ర రాయి. రక్త పరీక్ష రాయి. మూత్ర పరీక్ష రాయి.”

ఆయన మొహం పాలిపోయింది. భార్య చెయ్యి పట్టుకున్నాడు. “ఏమే, ముందు ఒకటేనంది. ఇప్పుడు రక్తంలో కూడా రాయంటోంది.”

నర్సు కాగితం అడ్డం పెట్టుకుంది. “లోపల ఉన్నది ఒకటే. మిగతావి నేను రాయమన్నవి” అంది డాక్టరమ్మ.

రాయి మీద రాసి బతికిన మనిషికి ఆ మాట తట్టకపోవడం చూసి భార్యకి నవ్వాగలేదు.

“కోత అక్కర్లేదు, దానంతటదే దిగేంత చిన్నది. జ్వరం వచ్చినా, ఒంటేలు ఆగినా మాత్రం క్షణం ఆలస్యం చెయ్యొద్దు. ఇక నుంచి నీళ్లు బాగా తాగాలి. నీళ్లు చాలకే లోపలి ఉప్పులు చిక్కబడి గడ్డకట్టాయి.”

“తాగితే గీత చెదురుతుందమ్మా.”

భార్య అందుకుంది. “రాళ్లు కోసే రంపానికి పొద్దస్తమానం నీళ్లు పోస్తావుగా, ఎందుకయ్యా?”

“పొయ్యకపోతే బురద గట్టిపడి రంపం బిగుసుకు...” అంటూనే ఆయన తన నడుం తడుముకున్నాడు.

“మరి నువ్వేం పాపం చేశావు?”

“నేను చెప్పాల్సింది ఆవిడే చెప్పేశారు” అంది డాక్టరమ్మ. “కూరల్లో ఉప్పు తగ్గించండి. సున్నం ఉందని పాలు మానేస్తారు కొందరు, ఆ పని చెయ్యకండి.”

నొప్పి సద్దుమణిగాక పలక ముందు కూర్చున్నాడు. పక్కన నీళ్ల కూజా పెట్టింది భార్య. తాగడం, లేవడం, విసుక్కుంటూ తిరిగి రావడం. అలా ఒకసారి తిరిగొచ్చి చూస్తే, కూతురి పేరులో ఒక తలకట్టు కొంచెం పక్కకి ఒరిగి కనిపించింది. ఇంకా సుద్దగీతే కాబట్టి తుడిచి దిద్దాడు. కూర్చున్న కంటికి కనపడని వంకర లేచొచ్చిన కంటికి కనపడింది.

“చూశావుటే, నీళ్లు తాగితే చూపు పెరుగుతుంది” అన్నాడు, ఆ సంగతి తనే కనిపెట్టినట్టు.

చివరికి కిడ్నీ రాయి దిగింది. డాక్టరమ్మ చెప్పినట్టే పల్చటి గుడ్డలో పట్టాడు. భూతద్దంలో చూస్తే అంతా ముళ్లే. “ఎవడు చెక్కాడో గానీ చెయ్యి తిరిగినవాడే” అని మెచ్చుకున్నాడు. పరీక్షకి పంపేముందు సూదిమొనతో దాని మీద కూతురి పేరులోని మొదటి అక్షరం చెక్కాడు.

బడి తెరిచిన రోజు కూతురు పలక మీద వేళ్లు ఆనించి, “నాన్నా, నా పేరు ఇంత బాగుంటుందా” అంది. చుట్టూ జనం. ఆయన ఛాతీ ఉప్పొంగింది. “పేరుదేముందమ్మా, నా ఒంటేలు చూడాలి నువ్వు, రంగు ఉందా లేదా అన్నంత పల్చగా...” అంటుండగానే భార్య నడుం దగ్గర గిల్లింది. ఈసారి నొప్పి రెండో పక్క.

కాబట్టి మొదట్లో అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆయన్ని గెలిచిన రాయి ఉంది, గోధుమగింజలో సగం. కల్పించింది అంటారా, ఆ బుల్లి రాతి మీద అక్షరం ఒక్కటే నాది. చీమ కాపురం మాత్రం నిజం.